కొరియా గానబృందములలో శిక్షణ: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

కాలము మారినకొలది పిల్లల కోరికలును మారుచుండును. ఒకప్పుడు గొంతు బాగున్న పిల్లవాడు ఆకాశవాణిలో పాడవలెనని కలలు కనెడివాడు. అభినయము తెలిసిన పిల్ల సినిమాలో వేషము దొరకునా యని ఎదురుచూచెడిది. నేడు మన మాండవి వంటి ఊరిలో గూడ చేతిలోని ఫోనులో కొరియా దేశపు యువతీయువకుల పాటలు చూచి, ఆ అడుగులు నేర్చి, "మేమును ఆడిషను ఇత్తుము" అను బాలబాలికలు కలరు. ఈ మాట విన్న తల్లిదండ్రులలో కొందరు నవ్వి ఊరకుందురు. కొందరు ఫోను లాగికొందురు. మరికొందరు పిల్లల ముఖము చూచి, ఎవరు అడిగినను డబ్బు పంపుటకు సిద్ధపడుదురు. ఈ మూడు మార్గములును క్షేమకరములు కావని మా అభిప్రాయము. సంగతి యేమో తెలిసికొని, పిల్లలతో కూర్చుండి మాటలాడుటయే మంచిది. అందుకు పనికివచ్చునని ఈ వ్యాసమున కొన్ని విషయములు వివరింపబూనితిమి.

కె-పాప్ అనగా కొరియా దేశపు జనరంజక సంగీతము. పాట, నృత్యము, వేషము మూడును కలిసిన ప్రదర్శన యిది. నేడు మనకు కనబడుచున్న రూపము 1990 తరువాత ఏర్పడినది. 1992లో సొ తైజి అండ్ బాయ్స్ అను బృందము అమెరికా ర్యాప్ పాటల ధోరణిని కొరియా భాషలోనికి తెచ్చి యువజనుల నాకర్షించెను. 1995లో లీ సూ-మాన్ అను గాయకుడు స్థాపించిన ఎస్.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 1996లో హెచ్.ఓ.టి. అను అయిదుగురు యువకుల బృందమును రంగమునకు తెచ్చెను. పిల్లలను చిన్నవయసుననే ఎంచి, కొన్నియేండ్లు శిక్షణ నిచ్చి, పిమ్మట బృందముగా కూర్చి అరంగేట్రము చేయించు పద్ధతి ఆ కాలమున స్థిరపడెను. ఇట్లు శిక్షణలో నున్నవారిని కొరియా భాషలో "యొన్‌సుప్‌సెంగ్" అందురు. అభ్యాసము చేయు విద్యార్థి యని దాని అర్థము. లోకమంతటను ట్రెయినీ అను మాటయే వాడుకలో నున్నది.

ఇచట తల్లిదండ్రులు మొట్టమొదట గ్రహింపవలసిన దొకటి కలదు. ఆడిషనులో నెగ్గినంతమాత్రమున మీ బిడ్డ గాయకుడు కాడు, విద్యార్థి యగును. ఆ విద్యకు కాలపరిమితి ముందుగా తెలియదు. అరంగేట్రము తప్పక జరుగునను హామీయు లేదు. ట్వైస్ అను ప్రసిద్ధ బృందమునకు నాయకురాలైన జిహ్యో 2005లో బాలికగా సంస్థలో చేరి, పది సంవత్సరములు అభ్యసించిన పిమ్మట 2015లో గాని రంగమున కెక్కలేదు. ఆమె కొరియా దేశస్థురాలు. తన భాషలోనే, తన వారి నడుమనే నేర్చినది. పదియేండ్లు నేర్చియు రంగమెక్కని వారి పేర్లు మనకు వినబడవు. పిల్లలు ఫోనులో చూచునది నెగ్గినవారిని మాత్రమే.

ఇక ఆడిషను జరుగు తీరు చూతము. పెద్ద సంస్థలు తమ సొంత వెబ్‌సైటుల ద్వారా ఏడాది పొడవున దరఖాస్తులు తీసికొనుచుండును. అప్పుడప్పుడు పరదేశపు నగరములకు వచ్చి నేరుగా పరీక్షించుటయు కలదు. దరఖాస్తులో పేరు, పుట్టినతేది, ఎత్తు, ఆడంబరములేని ఫొటోలు, ఒక చిన్న వీడియో ఉండవలెను. వీడియోలో పాట పాడువారు సాధారణముగా వాద్యముల తోడు లేకుండ ఒకటి రెండు నిమిషములు పాడుదురు. నృత్యము చేయువారు ఒళ్లంతయు కనబడునట్లు ఒకే పట్టున ఆడి చూపుదురు. కూర్పులు, రంగుల హంగులు చేసిన వీడియో కంటె గోడ ముందర నిలిచి ఆడిన సాదా వీడియోయే పరీక్షకులకు మేలు. వారు వెదకునది పూర్తిగా పండిన కళ కాదు. తాళజ్ఞానము, గొంతులోని ప్రత్యేకత, ముఖమున భావము, నేర్పిన నేర్చుకొను శక్తి. మొదటి వడపోతలో మిగిలినవారిని మరల ఫోను తెరపైననో, ముఖాముఖిగానో చూతురు. ఆ పిమ్మటనే ఒప్పందము మాట వచ్చును.

పరదేశస్థులు ఈ మార్గమున నెగ్గినారా యని అడుగవచ్చును. నెగ్గినారు. థాయి వంశీయుడైన నిచ్‌ఖున్ 2008లో టు పి.ఎం. బృందమున అరంగేట్రము చేసెను. థాయిలాండునకు చెందిన లీసా 2010లో తన దేశమున జరిగిన ఆడిషనులో ఇంచుమించు నాలుగువేల మందిలో నెగ్గిన ఏకైక వ్యక్తి. మరుసటి సంవత్సరము సియోలునకు పోయి, అయిదేండ్లు అభ్యసించి, 2016లో బ్లాక్‌పింక్ బృందముతో లోకమునకు తెలిసినది. పైన చెప్పిన ట్వైస్ బృందమున ముగ్గురు జపాను యువతులు, ఒక తైవాను యువతి కలరు.

మన దేశమునుండి ఈ మెట్టెక్కిన మొదటి వ్యక్తి శ్రేయా లెంకా. ఈమె మన తెలుగునాడునకు పొరుగుననున్న ఒడిశా రాష్ట్రమున ఝార్సుగుడా పట్టణమునకు చెందినది, 2003లో జన్మించెను. చిన్ననాట ఒడిస్సీ నృత్యము నేర్చి, పిదప పాశ్చాత్య నృత్యములందును అభ్యాసము చేసెను. 2021లో డి.ఆర్. మ్యూజిక్ అను సంస్థ తన బ్లాక్‌స్వాన్ బృందమున ఏర్పడిన ఖాళీకి లోకమంతటినుండి ఆడిషనులు పిలిచినప్పుడు ఈమె ఇంటినుండియే వీడియోలు పంపెను. నాలుగువేల మంది పోటీ పడిరని పత్రికలు వ్రాసెను. తుదకు మిగిలిన ఇద్దరిలో ఈమె యొకతె, బ్రెజిలు దేశపు గాబ్రియేలా రెండవది. 2021 డిసెంబరులో ఇరువురును సియోలునకు పిలువబడి కొన్నినెలలు కఠినమైన శిక్షణ పొందిరి. ఒకరినే తీసికొనదలచిన సంస్థ 2022 మే నెలలో ఇరువురిని చేర్చుకొన్నట్లు ప్రకటించెను. మరుసటి యేడు కేరళకు చెందిన ఆరియా అను యువతి ఎక్స్-ఇన్ అను మరియొక బృందమున అరంగేట్రము చేసెను. 2025లో హైబ్ అను కొరియా సంస్థ మన ముంబయి నగరమున తన భారతశాఖను నెలకొల్పెను. కావున పిల్లల కోరిక గాలిలో మేడ యని కొట్టివేయుటకు వీలులేదు.

అయినను లెక్క తెలిసియుండవలెను. లీసా విషయమునను, శ్రేయ విషయమునను నాలుగువేల సంఖ్యయే వినబడుచున్నది. మొదటిచోట నాలుగువేల మందికి ఒకరు, రెండవచోట ఇద్దరు నెగ్గిరి. తక్కినవారు మరల తమ బడికి, తమ పనికి మరలవలసినవారే. మరలివచ్చుటకు బడి మిగిలియుండవలె ననునదే ఈ లెక్క చెప్పు పాఠము. శ్రేయ సియోలునకు పోవునాటికి పదునెనిమిదేండ్లు నిండినది. చేతిలో ఏండ్లతరబడి అభ్యసించిన నృత్యవిద్య యున్నది. ఫోనులో చూచి నేర్చిన నాలుగు అడుగులతో ఆమె పోలేదని మన పిల్లలకు చెప్పవలెను.

భాష సంగతి యిక చెప్పెదము. ఇది మనకు మిక్కిలి దగ్గరి విషయము. కొరియాలో పాఠము చెప్పు గురువు, వండిపెట్టు వంటయామె, మందిచ్చు వైద్యుడు, కాగితముపై సంతకము కోరు అధికారి అందరును కొరియా భాషలోనే మాటలాడుదురు. అట్టిచోట పరదేశపు పిల్ల తానొక్కతెయే ఒక భాషా అల్పసంఖ్యాక వర్గము. ఇది యెట్టి అనుభవమో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. మన కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో నుండెను. మరునాడు బొంబాయి రాష్ట్రమున కలిసెను. 1960 మే 1 నుండి మహారాష్ట్రమున నున్నది. ఇల్లు కదలకయే మన పెద్దలు మరియొక భాషారాజ్యమున ప్రజలైరి. బజారులో మరాఠీ, కచేరీలో మరాఠీ, ఇంట తెలుగు, పై చదువునకు హిందీ ఆంగ్లములు. ఈ నడుమ మన పిల్లలు పెరిగిరి. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందు సౌకర్యము కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఏ అధికరణము 1956లోనే చెప్పినది. దానిని నమ్ముకొనియే మన బళ్లు నిలిచినవి. పరభాష నేర్చుట మన పిల్లలకు భయము కాదు, అలవాటు.

ఆ అలవాటు కొరియా భాష విషయమున మేలు చేయును. ఆ దేశపు లిపిని హంగుల్ అందురు. సెజోంగ్ అను రాజు 1443లో దీనిని కల్పింపజేసి 1446లో ప్రజలకు ప్రకటించెను. నేటి వాడుకలో 14 హల్లులు, 10 అచ్చులు, మొత్తము 24 మూలాక్షరములు కలవు. అచ్చును హల్లును చేర్చి ఒక ముద్దగా వ్రాయు పద్ధతి మన గుణింతము నేర్చిన పిల్లలకు వింతగా తోచదు. వాక్యమున కర్త ముందు, కర్మ నడుమ, క్రియ తుదిని వచ్చును. మన తెలుగు వాక్యపు వరుసయు నదియే. పెద్దలతో ఒక విధముగను, తోటివారితో మరియొక విధముగను క్రియను మార్చి మాటలాడుట వారి భాషలో తప్పనిసరి. నీవు, మీరు అను భేదమెరిగిన మన పిల్లలకు దాని మర్మము వేగముగ తెలియును. కష్టమంతయు ఉచ్చారణలో నున్నది. ఒక్క పకారమునే మెత్తగను, బిగించియు, ఊపిరి విడిచియు మూడువిధములుగ పలుకవలెను. భాషాపరిజ్ఞానమును కొలుచుటకు 1997 నుండి టోపిక్ అను పరీక్ష నడుచుచున్నది. దానిలో ఆరు స్థాయిలు కలవు. ఆడిషను కోరు పిల్లవానితో మొదట రెండు స్థాయిలు నేర్చి చూపుమనుట న్యాయమైన కోరిక. అది డబ్బుతో కొనదగిన అదృష్టము కాదు. ప్రతిదినము గంటసేపు కూర్చుండిన దక్కునది. పిల్లవాని పట్టుదల ఎంతదో అందులోనే బయటపడును.

ఈ చదువు వ్యర్థము కాదనియు చెప్పవలెను. ఆంధ్రప్రదేశమున పెనుకొండ సమీపమున కొరియా దేశపు కియా సంస్థ నెలకొల్పిన కార్ల కర్మాగారమునుండి 2019 మొదలు బండ్లు వెలువడుచున్నవి. కొరియా అధికారులకును తెలుగు పనివారికిని నడుమ మాట అందించు దుభాషులకు అట్టిచోట్ల పని కలదు. 2020 నాటి జాతీయ విద్యావిధానమున ఉన్నతపాఠశాలలో నేర్పదగిన విదేశీ భాషలలో కొరియా భాషను గూడ పేర్కొనిరి. పాటకొరకు నేర్చిన భాష పొట్టకొరకు పనికివచ్చిన అది నష్టమెట్లగును?

ఇక ఒప్పందము. ఇందులోనే తల్లిదండ్రుల బాధ్యత యంతయు నున్నది. మన దేశమున 18 సంవత్సరములు నిండనివారు ఒప్పందము చేసికొనుటకు అర్హులు కారు. కొరియాలో 2013 నుండి ఆ వయస్సు 19. కావున పిల్లవాని పేరిట సంతకము చేయువారు మీరే. కొరియాలో ఈ ఒప్పందముల చరిత్ర మచ్చలేనిది కాదు. 2009లో టి.వి.ఎక్స్.క్యు. అను బృందములోని ముగ్గురు తమ పదమూడేండ్ల ఒప్పందము అన్యాయమైనదని న్యాయస్థానమున కెక్కిరి. అదే సంవత్సరము సూపర్ జూనియర్ బృందములోని చైనా యువకుడు హాన్ గెంగ్ గూడ దావా వేసెను. అప్పుడే ఆ దేశపు వాణిజ్య న్యాయసంఘము ఒక ప్రమాణ ఒప్పందమును రూపొందించి, కళాకారుని ఏడేండ్లకు మించి కట్టివేయరాదని సూచించెను. నడుమ విడిచిపోయిన ట్రెయినీనుండి శిక్షణవ్యయమునకు రెండు మూడింతలు రాబట్టు షరతులను 2017లో ఆ సంఘమే ఎనిమిది సంస్థలచేత దిద్దించెను. 2019లో ట్రెయినీలకు ప్రత్యేకముగ ఒక ప్రమాణ ఒప్పందము వెలువడెను. దాని ప్రకారము శిక్షణాకాలము మూడేండ్లకు మించరాదు, శిక్షణవ్యయము సాధారణముగా సంస్థయే భరింపవలెను. 2014లో అమలులోనికి వచ్చిన మరియొక చట్టము బాలకళాకారులచేత రాత్రి పది గంటలకు పిమ్మట పని చేయించుటను కట్టడి చేసినది. ఈ నియమములు ఉన్నవని తెలిసియున్న తండ్రి, తన ముందర పెట్టిన కాగితమును వాటితో పోల్చి చూడగలడు. తెలియని తండ్రి సంతకము మాత్రమే చేయగలడు.

ఒప్పందపు కాగితము కొరియా భాషలో వచ్చును. దాని అనువాదమును సంస్థవారే పంపినను, మీరు నమ్మిన మరియొకరిచేత చదివించుకొనుడు. చూడవలసినవి ఇవి: శిక్షణ యెన్ని సంవత్సరములు? వసతి, భోజనము, వైద్యము, రాకపోకల వ్యయము ఎవరిది? అరంగేట్రము తరువాత శిక్షణవ్యయమును సంపాదననుండి కోసికొందురా? పిల్లవాడు నడుమ మానుకొన్నచో ఏమి చెల్లింపవలెను? బడిచదువు మాట యేమి? ఇంటివారితో మాటలాడుటకు ఎప్పుడెప్పుడు వీలిత్తురు? కొరియా కాలము మనకంటె మూడున్నర గంటలు ముందు; మన యింట రాత్రి తొమ్మిదైనప్పుడు అచట పన్నెండున్నర యగును. అలసిన పిల్ల అమ్మతో మాటలాడుటకు ఎదురుచూచు గంట గూడ ఒప్పందములోని ఒక అంశమే యని మా మతము. శరీరపు బరువును గూర్చి అచట చాల పట్టింపు కలదు. ఎదుగు పిల్లలకు ఆకలితో అభ్యాసము తగదు. ఆ విషయమును ముందే అడుగుటకు సంకోచింపవలదు.

మోసముల మాట చెప్పక తప్పదు. నిజమైన పెద్ద సంస్థలు ఆడిషనునకు రుసుము తీసికొనవు. "మీ అమ్మాయి ఎంపికైనది, నమోదునకు ఇంత, వీసాకు ఇంత, ఈ రాత్రికే పంపుడు" అని ఫోనులో సందేశము వచ్చినచో అది వల యని తెలిసికొనుడు. దుస్తులు తగ్గించిన ఫొటోలు పంపుమనువాడు, తల్లిదండ్రులకు చెప్పవలదనువాడు, ఒంటరిగా ఎచటికో రమ్మనువాడు ఎంత పెద్ద సంస్థపేరు చెప్పినను శత్రువే. అట్టి సందేశమును తుడిచివేయక భద్రపరచి, 1930 అను జాతీయ సహాయ సంఖ్యకు తెలుపవలెను. పిల్ల ఈ సంగతి మీతో ధైర్యముగ చెప్పవలెనన్న, అంతకుముందు ఆమె కోరికను మీరు ఎగతాళి చేసియుండరాదు. ఇంట నవ్వులపాలైన పిల్ల బయటివాని తీయని మాటను త్వరగా నమ్మును. ఈ వ్యాసమున మేము ముఖ్యముగ చెప్పదలచినది ఇదియే.

ప్రయాణమునకు పాస్‌పోర్టును, కొరియా వీసాయు కావలెను. ప్రతిఫలము తీసికొని ప్రదర్శన లిచ్చు కళాకారులకు ఇ-6 అను ప్రత్యేక వీసా కలదు. యాత్రికుని వీసాతో పోయి పనిలో చేరుమను సంస్థను నమ్మరాదు. సియోలులోని భారత రాయబార కార్యాలయపు చిరునామాయు ఫోను సంఖ్యయు పిల్లకు కంఠస్థమై యుండవలెను. బడి విషయమున పదవ తరగతి పూర్తియగు వరకు వేచియుండుట మంచిదని మా సలహా. ఆలోపల వీడియోలు పంపిన తప్పులేదు; కాని పరీక్ష విడిచి పోవుట తగదు. పై తరగతులను సార్వత్రిక విద్యాలయము ద్వారా ప్రైవేటుగా వ్రాయు వీలు మన దేశమున కలదు.

కావున తల్లిదండ్రులారా, మీ పిల్ల ఆడిషను మాట యెత్తినప్పుడు "ఏదీ, ఆ పాట మాకును వినిపింపుము" అని మొదట అడుగుడు. విన్న పిమ్మట ఈ నిబంధనలు పెట్టుడు: దినమునకు గంట భాష, గంట అభ్యాసము; బడి మానరాదు; ప్రతి దరఖాస్తును అమ్మయో నాన్నయో చూచిన పిమ్మటనే పంపవలెను; ఎవరికిని డబ్బు పంపరాదు. వీలైనచో సమీపమున నున్న సంగీత గురువు వద్దనో, నృత్యగురువు వద్దనో చేర్పింపుడు. శ్రేయకు ఒడిస్సీ ఎట్లు ఉపకరించినదో మన పిల్లలకు మన కూచిపూడియు, మన జానపదమును అట్లే ఉపకరింపవచ్చును. ఏడాది గడచునప్పటికి ఆ కోరిక నిలిచియున్నచో, అది కోరిక కాదు, దీక్ష యని ఎరుగుడు. నిలువనిచో పిల్లకు ఒక భాషయు, కొంత కళయు మిగిలినవి. మీకు పిల్ల నమ్మకము మిగిలినది.

మన బడిలో తెలుగు అక్షరములు దిద్దిన పిల్లలు ఎంతదూరము పోయినను క్షేమముగ పోయి, పేరు తెచ్చుకొని, ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రము తెలుగుననే మాటలాడుదురు గాక యని కోరుచున్నాము.